నాలుగు మూపురాలు: ఐడిలింగులో ఊగే డీజిల్ ఇంజన్

ప్రశ్న: విజయవాడ ఆటోనగర్‌లో పదకొండేళ్లుగా డీజిల్ బండ్ల పని చేస్తున్నాను. మూడు వారాల క్రితం నాలుగు సిలిండర్ల కామన్ రైల్ బండి (ఇంజెక్టర్లన్నిటికీ ‘రైలు’ అనే ఒకే పైపులోంచి ఎక్కువ ఒత్తిడితో డీజిల్ అందే రకం) ఒకటి వచ్చింది. ఐడిలింగులో ఇంజన్ ఊగిపోతోంది, డాష్‌బోర్డు కూడా అదురుతోంది. యాక్సిలరేటర్ తొక్కి నిమిషానికి 1500 చుట్లు దాటిస్తే బాగానే ఉంటుంది. స్కానర్‌లో తప్పు కోడ్ ఏదీ లేదు. సిలిండర్ల వారీ ఇంధన సవరణలో మాత్రం మూడో సిలిండరుకు ఎక్కువ పోస్తోందని చూపించింది. అందులోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ పోయిందనుకుని కొత్తది వేశాను. అణువంత మార్పు లేదు. యజమాని రోజూ ఫోను చేస్తున్నాడు. ఈమధ్య రెండు చానళ్ల ఆసిలోస్కోప్ (కరెంటు, వోల్టేజీ మార్పులను తెర మీద గీతగా చూపే స్కోపు) కొన్నాను. దానితో వైరు చుట్టూ పట్టి కరెంటు కొలిచే పెద్ద క్లాంపు ఒకటి, చిన్నది ఒకటి వచ్చాయి. పెట్టి చూస్తే గీతలు వస్తున్నాయి కానీ ఏది మంచి గీత, ఏది చెడ్డ గీత అన్నది తెలియడం లేదు. మంచి గీతలన్నీ ఉన్న పుస్తకం ఏదైనా ఉంటే చెప్పండి. ఎక్కడ మొదలుపెట్టాలో కూడా చెప్పండి.
— ఒక మెకానిక్, విజయవాడ

సమాధానం: పుస్తకం కోసం వెతకకండి. అది మీ షెడ్డులోనే, ఆ బండి బానెట్ కిందే ఉంది. ఒకే ఇంజన్‌లో ఒకే రోజు, ఒకే డీజిల్ తాగుతూ, ఒకే బ్యాటరీతో తిరిగే నాలుగు సిలిండర్లున్నాయి. మూడు బాగుండి ఒకటి బాగోలేదంటే ఆ మూడే మీకు కొలబద్ద. వేరే దేశంలో వేరే ఇంజన్ మీద ఎవరో తీసిన గీతతో పోల్చుకుంటే మీకు అనుమానాలు పెరుగుతాయే తప్ప జవాబు దొరకదు. నా దగ్గర నేర్చుకోవడానికి వచ్చే కుర్రాళ్లు మొదటి వారంలో అడిగేదీ ఇదే ప్రశ్న: ‘అన్నా, ఈ గీత కరెక్టేనా?’ పక్క సిలిండరు గీత చూపించి మళ్లీ అడగమంటాను.

ముందు కొంచెం కోప్పడనివ్వండి. సవరణ అంకె చూసి ఇంజెక్టర్ మార్చారు కదా, ఆ అంకె నిజంగా ఏం చెబుతోందో చూద్దాం. క్రాంకు (పిస్టన్లు తిప్పే ఇరుసు) దగ్గరి సెన్సర్ ద్వారా ఈసీఎం, అంటే ఇంజన్ కంప్యూటర్, ప్రతి సిలిండరు మండిన తర్వాత ఇంజన్ ఎంత వేగం పుంజుకుందో కొలుస్తుంది. ఎవరి వంతు వచ్చినప్పుడు వేగం తక్కువ పుంజుకుంటే వారికి కొంచెం ఎక్కువ డీజిల్ పోస్తుంది, ఎక్కువ పుంజుకున్నవారికి తగ్గిస్తుంది. అంతే. పిల్లాడు నీరసంగా ఉన్నాడని అమ్మ ఇంకో ముద్ద పెడుతుంది. ఆ నీరసం ఆకలి వల్లనా, జ్వరం వల్లనా అన్నది ముద్దకు తెలియదు. మూడో సిలిండరు నీరసంగా ఉందని మీ స్కానర్ చెప్పింది. ఎందుకో చెప్పలేదు. కంప్రెషన్, అంటే గాలి కుదింపు, పోయినా అదే అంకె వస్తుంది, ఇంజెక్టర్ కొన నాజిల్ పోయినా అదే అంకె వస్తుంది. కాబట్టి మీరు స్కోపును అడగాల్సిన మొదటి ప్రశ్న ఒక్కటే: కంప్రెషనా, డీజిలా?

స్కోపు పెట్టేముందు ఒక్క నిమిషం ఇంజన్ పక్కన ఊరికే నిలబడండి. 800 ఆర్‌పీఎం దగ్గర క్రాంకు సెకనుకు పదమూడు చుట్ల పైచిలుకు తిరుగుతుంది. నాలుగు స్ట్రోకుల ఇంజన్‌లో ఒక్కో సిలిండరు రెండు చుట్లకు ఒకసారి మండుతుంది కనుక, ఒక సిలిండరు వంతు సెకనుకు ఆరేడు సార్లు వస్తుంది. నాలుగూ కలిపితే సెకనుకు సుమారు 27 దెబ్బలు. ఒక్క సిలిండరు బాగోలేకపోతే ఊపు ఆ ఆరేడు లెక్కన వస్తుంది. చేత్తో తాకితే దాదాపు లెక్కపెట్టగలిగేంత నిదానమైన ఊపు అది. సన్నగా, గుయ్యిమంటూ సీటు దాకా పాకే అదురు వేరు. అక్కడ ఇంజన్ తప్పేమీ ఉండకపోవచ్చు, మౌంటింగ్ రబ్బర్లు చచ్చి ఉంటాయి. మీరు రాసిన ‘ఊగిపోతోంది’ అన్న మాట, మూడో సిలిండరు అంకె, రెండూ ఒక్క సిలిండరు వైపే వేలు చూపిస్తున్నాయి. అయినా మౌంటింగులు ఒకసారి కర్రతో ఎత్తి చూడండి, ఖర్చు లేని పని.

ఇంకో మాట. పాత బండ్లలో ఇంజన్ నడుస్తుండగా ఒక్కో నాజిల్ పైపు నట్టు వదులు చేసి, ఏది వదిలితే శబ్దం మారలేదో చూసి మిస్సింగ్ పట్టుకునేవాళ్లం. మీ గురువు మీకు అదే నేర్పి ఉంటాడు, నాకూ అదే నేర్పారు. కామన్ రైల్ దగ్గర ఆ అలవాటు పూర్తిగా మానేయాలి. ఐడిలింగులోనే రైలులో 250, 300 బార్ ఒత్తిడి ఉంటుంది. ఆ సన్నటి ధార చర్మంలోంచి సూదిలా దిగిపోతుంది. పైకి చీమ కుట్టినంత మచ్చే కనిపిస్తుంది, లోపల వేలు కుళ్లుతుంది.

ఇక మొదటి పరీక్ష. దీన్ని పోలిక కంప్రెషన్ పరీక్ష అందాం. ఒక్క నట్టు కూడా విప్పక్కర్లేదు. సెల్ఫ్ మోటారు ఇంజన్‌ను తిప్పేటప్పుడు, ఏ సిలిండరైనా గాలిని కుదించే సమయానికి తిప్పడం బరువవుతుంది. బరువైనప్పుడు మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది. కుదింపు దాటగానే తేలికవుతుంది, కరెంటు తగ్గుతుంది. ఆ కరెంటును తెర మీద గీయిస్తే ఎద్దు మూపురాల్లాంటి గుట్టలు వరుసగా వస్తాయి. నాలుగు సిలిండర్లకు నాలుగు మూపురాలు, మళ్లీ నాలుగు. కంప్రెషన్ తగ్గిన సిలిండరు దగ్గర మూపురం కుంచించుకుపోతుంది.

పెద్ద క్లాంపును బ్యాటరీ నుంచి సెల్ఫ్‌కు పోయే లావు కేబుల్ చుట్టూ వేయండి. వేసేముందు సున్నా చేయండి. క్లాంపు ఆంపియరుకు ఎన్ని మిల్లీవోల్టులు ఇస్తుందో దాని మీదే రాసి ఉంటుంది, స్కోపులో అదే పెట్టండి. తెర మొత్తానికి రెండు మూడు సెకన్లు పట్టేలా కాలం పెట్టండి. సెల్ఫ్ కొట్టిన క్షణంలో ఒక పెద్ద ముల్లు పైకి లేస్తుంది. అది ఆగి ఉన్న మోటారు లాగే కరెంటు, దాన్ని వదిలేయండి. ఇంజన్ తిరగడం కుదుటపడ్డాకే మూపురాలు చూడాలి. ఇంజన్ వేడిగా, బ్యాటరీ నిండుగా ఉండాలి. క్లాంపు లేనివాళ్లు బ్యాటరీ వోల్టేజీనే ఏసీ కప్లింగులో (మార్పులను మాత్రమే చూపే అమరికలో) పెట్టి చూడవచ్చు, మూపురాలు తలకిందులుగా పల్లాల్లా వస్తాయి.

ఈ పరీక్షలో ఇంజన్ స్టార్ట్ కాకూడదు. తాళం తీసేసి, నాలుగు ఇంజెక్టర్ల కప్లర్లు (వైర్లు కలిపే ప్లగ్గులు) ఊడదీయండి. కొందరు తొందరపడి హై ప్రెషర్ పంపు మీద ఉన్న, పంపుకు అందే డీజిల్‌ను అదుపు చేసే మీటరింగ్ వాల్వు కప్లర్ పీకుతారు. చాలా పంపుల్లో ఆ వాల్వు కరెంటు లేనప్పుడు పూర్తిగా తెరుచుకునే రకం. అంటే కప్లర్ పీకితే డీజిల్ ఆగదు, ఒత్తిడి శిఖరానికి పోతుంది. ఇంజెక్టర్లు పీజో రకమైతే (అయస్కాంతపు కాయిల్‌తో కాక, చార్జి ఎక్కితే సాగే స్ఫటికంతో తెరుచుకునేవి) నడుస్తున్న ఇంజన్‌లో కప్లర్ ముట్టుకోవద్దు. చార్జి లోపలే ఉండిపోయి నాజిల్ తెరిచే ఉంటే సిలిండరు డీజిల్‌తో నిండుతుంది, అక్కడితో ఇంజన్ కథ ముగిసిపోవచ్చు.

ఇప్పుడు అసలు చిక్కు: చిన్న మూపురం ఏ సిలిండరుది? రెండో చానల్ దానికే. ముందు కప్లర్లన్నీ పెట్టి ఇంజన్ ఐడిలింగులో నడపండి. చిన్న క్లాంపును ఒకటో ఇంజెక్టర్ వైరు చుట్టూ, రెండో చానల్‌ను క్యామ్ (వాల్వులను తెరిచే ఇరుసు) సెన్సర్ సిగ్నల్ వైరుకు పెట్టండి. వైరు తోలు గుచ్చకండి, కప్లర్ వెనక నుంచి సన్నటి పిన్ను దూర్చండి. వర్షాకాలంలో గుచ్చిన ప్రతి రంధ్రమూ ఆరు నెలల తర్వాత పచ్చ తుప్పై మళ్లీ మీ షెడ్డుకే వస్తుంది. ఒకటో ఇంజెక్టర్ కరెంటు క్యామ్ గీతలో ఏ పల్లు దగ్గర పడుతోందో ఫొటో తీసి పెట్టుకోండి. ఆ తర్వాత సెల్ఫ్ పరీక్షలో మూపురాల కింద అదే క్యామ్ గీత ఉంచండి. ఆ పల్లుకు దగ్గరగా ఉన్న మూపురం ఒకటో సిలిండరుది. అక్కడి నుంచి 1, 3, 4, 2. ఎక్కువ నాలుగు సిలిండర్ల ఇంజన్లలో మండే క్రమం ఇదే, మీ బండిది ఒకసారి సరిచూసుకోండి. సెల్ఫ్ 250 ఆర్‌పీఎంతో తిప్పుతుంటే మూపురానికీ మూపురానికీ మధ్య 120 మిల్లీసెకన్లు ఉంటాయి, నాలుగు పూర్తవడానికి 480. ఒక్క చక్రం చూసి తీర్పు చెప్పకండి. ఐదారు చక్రాల పాటు అదే సిలిండరు దగ్గర అదే కుంచింపు కనిపించాలి. ఈ పరీక్షకు ఒక గుడ్డితనం ఉంది. నాలుగు సిలిండర్లూ సమానంగా అరిగిపోయి ఉంటే నాలుగు మూపురాలూ సమానంగానే వస్తాయి. మీ బండి సమస్య అది కాదు కనుక సాగిపోదాం.

మూడో సిలిండరు మూపురం చిన్నదైతే ఇక ఇంజెక్టర్ మార్చే జోలికి పోవద్దు. కంప్రెషన్ ఎక్కడ పోతోందో వెతకాలి. మూపురాలు సమానంగా ఉంటేనే రెండో పరీక్ష.

రెండోది క్రాంక్ సెన్సర్. ఈసీఎం చూసే వేగాన్ని మీరు మీ కళ్లతో చూడటం అన్నమాట. చాలా బండ్లలో క్రాంకు చక్రానికి 60 పళ్ల చోటులో రెండు తీసేసి 58 ఉంటాయి. పల్లుకు ఆరు డిగ్రీలు. 800 ఆర్‌పీఎంలో ఒక చుట్టు 75 మిల్లీసెకన్లు, ఒక పల్లు 1.25 మిల్లీసెకన్లు. రెండు పళ్లు లేని చోట ఖాళీ కనిపిస్తుంది. రెండు వైర్ల కాయిల్ సెన్సరైతే అలల్లాంటి గీత వస్తుంది, మూడు వైర్ల హాల్ సెన్సరైతే చదరపు గీత. మీ స్కోపు సాఫ్ట్‌వేర్‌లో పౌనఃపున్యాన్ని గీతగా గీసే సౌకర్యం ఉంటే ఆ సిగ్నల్ మీద పెట్టండి. ఇంజన్ వేగం అలలా పైకీ కిందికీ పోతూ కనిపిస్తుంది. లేకపోయినా నష్టం లేదు. కర్సర్లు రెండూ పట్టుకుని 30 పళ్లకు, అంటే అర చుట్టుకు ఎంత సమయం పట్టిందో వరుసగా నాలుగుసార్లు కొలవండి. సగటున 37.5 మిల్లీసెకన్లు రావాలి. నీరసించిన సిలిండరు వంతులో అర చుట్టు నిదానంగా సాగుతుంది. పాత పద్ధతే అయినా నేను ఇప్పటికీ ముందు ఇలాగే కొలుస్తాను. గీసిన గ్రాఫు కంటే నా చేత్తో కొలిచిన అంకె మీద నాకు నమ్మకం ఎక్కువ. ఇది వయసు జబ్బు కావచ్చు.

ఆ వేగం గీతలో రెండు విషయాలు విడివిడిగా చూడాలి, ఇక్కడే స్కోపు కొన్న డబ్బు తిరిగొస్తుంది. ఏ సిలిండరులోనైనా పిస్టన్ పై చావు స్థానానికి (అన్నిటికంటే పై చోటుకు) చేరేముందు గాలిని కుదిస్తుంది కనుక వేగం కొంచెం దిగుతుంది. దాటాక మంట నెడుతుంది కనుక వేగం ఎక్కుతుంది. దిగడం మిగతా మూడింటితో సమానంగా ఉండి ఎక్కడం మాత్రమే తక్కువైతే, కుదింపు బాగుంది, మంట బాగోలేదు: డీజిల్ వైపు చూడండి. దిగడమే తక్కువగా ఉండి ఎక్కడం కూడా తక్కువైతే అక్కడ కుదించడానికి గాలి నిలవడం లేదు. ఒక జాగ్రత్త. ఐడిలింగులో ఈసీఎం నీరసమైన సిలిండరుకు ఎక్కువ పోస్తూ తేడాను కప్పిపుచ్చుతూ ఉంటుంది. అందుకని గీత అసలు కంటే నున్నగా కనిపించవచ్చు. గీతతో పాటు స్కానర్ సవరణ అంకెను పక్కన రాసుకోండి, రెండూ కలిపి చదవండి.

మూడోది ఇంజెక్టర్ కరెంటు. చిన్న క్లాంపు ఒక్క వైరు చుట్టూనే ఉండాలి, రెండూ కలిపి వేస్తే వచ్చే కరెంటు, పోయే కరెంటు కొట్టుకుపోయి సున్నా కనిపిస్తుంది. సోలినాయిడ్ (కాయిల్ రకం) ఇంజెక్టరైతే కరెంటు ఒక్కసారిగా 20 ఆంపియర్ల చుట్టుపక్కలకు ఎగిరి, కొంచెం దిగి 12 దగ్గర నిలిచి, పడిపోతుంది. ముందు పైలట్ అనే చిన్న గుక్క, తర్వాత అసలు గుక్క. పీజో అయితే ఎక్కేటప్పుడు ఒక ముల్లు పైకి, దిగేటప్పుడు ఒక ముల్లు కిందికి, మధ్యలో గీత సున్నా దగ్గర ఉంటుంది. నాలుగు ఇంజెక్టర్ల ఫొటోలు పక్కపక్కన పెట్టండి. మూడోదాని అసలు గుక్క మాత్రమే వెడల్పుగా ఉంటే, అది ఈసీఎం పెడుతున్న అదనపు ముద్ద, కొత్త సంగతి కాదు. గీత ఎక్కే వాలే తేడాగా ఉంటే కాయిలో, వైరో, కప్లరో చూడాలి. నాలుగు గీతలూ అచ్చుగుద్దినట్టుంటే కరెంటు తన పని తాను చేసింది. ఇంజెక్టర్ లోపల ఏం జరిగిందన్నది ఈ గీత చెప్పదు. దానికి మిగులు డీజిల్ వెనక్కి పోయే రిటర్న్ పైపులకు నాలుగు సీసాలు కట్టి చూసే పాత పరీక్షో, టెస్టింగ్ బెంచో దిక్కు. ఒక హెచ్చరిక: స్కోపు నల్ల క్లిప్పు బ్యాటరీ నెగెటివ్‌కు తప్ప ఇంకెక్కడా పెట్టకండి. ఇంజెక్టర్ వైర్లు రెండూ ఈసీఎం నుంచే వస్తాయి, వాటిలో ఎర్త్ లేదు. నల్ల క్లిప్పు వాటికి తగిలితే ఈసీఎం కాలిపోవచ్చు. పైగా అక్కడ 60 వోల్టులకు పైన, పీజోలో 100కు పైన వోల్టేజీ ఆడుతుంది. క్లాంపుతో పోయే పనికి ప్రోబు వాడటం ఎందుకు?

రైలు ఒత్తిడి సెన్సర్ గురించి ఎక్కువ చెప్పను. తాళం ఆన్‌లో ఉండి ఇంజన్ ఆగి ఉన్నప్పుడు 0.5 వోల్టు, ఐడిలింగులో 1.1 నుంచి 1.3 దాకా చాలా బండ్లలో ఉంటుంది. ఆ గీతలో అలజడి ఒక్క సిలిండరు వంతుతో కలిసి వస్తే ఇంజెక్టర్, పంపు చుట్టుతో కలిసి వస్తే పంపు. మీ బండికి దీని అవసరం రాదనుకుంటున్నాను.

ఎందుకనుకుంటున్నానో చెప్పాలంటే నా షెడ్డుకు వచ్చిన ఒక బండి కథ చెప్పాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి మీ ఊరు మునిగింది కదా, ఆ తర్వాత రెండు నెలలకు వచ్చింది. రెండు లీటర్ల డీజిల్. వేరేచోట ఇంజెక్టర్లు రెండు మార్చారు, ఈజీఆర్ (పొగలో కొంత మళ్లీ ఇంజన్‌లోకి పంపే వాల్వు) కడిగారు, డీజిల్ ట్యాంకు కడిగారు. ఊపు అలాగే ఉంది. యజమాని కొడుకు బండి తెచ్చాడు. ‘నీళ్లలో నడిపారా?’ అని అడిగాను. ‘లేదండీ, టైర్ల దాకానే’ అన్నాడు. ఎయిర్ ఫిల్టర్ డబ్బా విప్పితే అడుగున బురద ఎండి, పొలంలో నేల బీటలిచ్చినట్టు పగిలి ఉంది. టైర్ల దాకా వచ్చిన నీరు అంత పైకి ఎలా ఎక్కిందో కుర్రాడు చెప్పలేదు, నేనూ రెట్టించలేదు.

సెల్ఫ్ కొట్టి మూపురాలు చూశాను. మూడు ఒకే ఎత్తు, రెండో సిలిండరుది పొట్టి. అర చుట్లు కొలిస్తే మూడు 37 మిల్లీసెకన్లు, ఒకటి 39. వేగం గీతలో రెండో సిలిండరు దగ్గర దిగడమూ తక్కువే, ఎక్కడమూ తక్కువే. కంప్రెషన్ పోతోందన్నమాట. సరే, వాల్వులో, రింగులో, గాస్కెట్టో అనుకుని, పిస్టన్‌ను పైకి తెచ్చి హీటర్ ప్లగ్ రంధ్రంలోంచి గాలి ఎక్కించాను. గాలి నిలిచింది. ఆయిల్ మూత దగ్గర చెవి పెట్టాను, సైలెన్సర్ దగ్గర పెట్టాను, రేడియేటర్‌లో బుడగల కోసం చూశాను. ఎక్కడా ఏమీ లేదు. మిగతా మూడు సిలిండర్ల కంటే ఎక్కువ కారడం లేదు. నా కుర్రాడు స్కోపు చెడిపోయిందన్నాడు.

కారడం లేదు, కానీ కుదింపు తక్కువ. నీళ్లు తాగిన బండిలో ఈ రెండూ కలిసి కనిపిస్తే ముందు అనుమానించాల్సింది ఒకటే: పిస్టన్ పై దాకా రావడం లేదు. హీటర్ ప్లగ్ రంధ్రాల్లోంచి సన్నటి ఇనుప కడ్డీ పిస్టన్ తల మీద నిలబెట్టి, డయల్ గేజితో నాలుగింటి ఎత్తూ కొలిచాం. రెండోది మిగతా వాటికంటే దాదాపు మిల్లీమీటరు కింద ఆగిపోతోంది. పిస్టన్‌ను క్రాంకుకు కలిపే కనెక్టింగ్ రాడ్ వంగింది. రెండు లీటర్ల ఇంజన్‌లో ఒక్కో సిలిండరు 500 సీసీ, కంప్రెషన్ నిష్పత్తి 17 అయితే పిస్టన్ పైకి వచ్చాక మిగిలే చోటు 31 మిల్లీలీటర్లే. చిన్న టీ గ్లాసులో మూడో వంతు. అంతకు మించి నీరు లోపలికి పోతే, నీరు కుదించుకోదు కనుక రాడ్ వంగుతుంది. పూర్తిగా విరిగి ఉంటే అప్పుడే తెలిసేది. కొంచెమే వంగింది కాబట్టి బండి నడుస్తూ వచ్చింది. 90 మిల్లీమీటర్ల స్ట్రోకు ఉన్న ఇంజన్‌లో పిస్టన్ ఒక్క మిల్లీమీటరు కింద ఆగితే 17 కాస్తా 14.6కు పడిపోతుంది. డీజిల్‌కు మంట పుట్టేది కుదించిన గాలి వేడితోనే కదా. ఐడిలింగులో పోసే డీజిల్ చాలా తక్కువ, పిస్టన్ నిదానంగా కదులుతుంది, ఉన్న కాస్త వేడి గోడలకు పోతుంది, మంట ఆలస్యంగా అంటుకుంటుంది. 1500 దాటాక వేడి పోయే సమయం ఉండదు, ఫ్లైవీల్ ఊపు మిగతాది కప్పేస్తుంది.

మీ ఉత్తరంలో ‘1500 దాటితే బాగానే ఉంటుంది’ అన్నది చదివినప్పుడు నాకు ఆ బండి గుర్తొచ్చింది. మీ బండిదీ రాడ్డే అని నేను అనడం లేదు. ఇదే లక్షణం వాల్వు సీటు కాలినా వస్తుంది, టాపెట్ బిగుసుకుని వాల్వు పూర్తిగా మూసుకోకపోయినా వస్తుంది. కానీ ఇంజెక్టర్ మార్చినా మూడో సిలిండరు సవరణ అంకె అలాగే ఉందంటే, కంప్రెషన్ చూడకుండా ఇంకో రూపాయి పెట్టవద్దు. యజమానిని నీళ్ల సంగతి అడగండి. ఆయన చెప్పినదానితో పాటు ఎయిర్ ఫిల్టర్ డబ్బా అడుగు కూడా చూడండి.

మూపురాలు ఎలా ఉన్నా రెండు విషయాలు మీ పనిలోంచే వెతకాలి. కొత్త ఇంజెక్టర్ తల మీద అక్షరాలూ అంకెలూ కలిసిన కోడ్ ఉంటుంది. తయారీలో వచ్చే చిన్న తేడాలను సరిదిద్దడానికి దాన్ని స్కానర్‌తో ఈసీఎంలో రాయాలి. మీ ఉత్తరంలో ఆ ముచ్చట లేదు. రాయకపోతే ఇంజెక్టర్ ఎంత కొత్తదైనా ఈసీఎం దాన్ని పాతదనుకునే కొలుస్తుంది. రెండోది ఇంజెక్టర్ కింది రాగి వాషర్. పాతదే మళ్లీ వేశారా? దాని కింద మసి చుట్టూ గోకి శుభ్రం చేశారా? వాషర్ కూర్చోకపోతే కుదించిన గాలి అక్కడి నుంచే చుఫ్ చుఫ్ మంటూ పోతుంది. ఇంజెక్టర్ మొదలు చుట్టూ సబ్బు నీళ్లు పోసి సెల్ఫ్ కొట్టి చూడండి, బుడగలు వస్తే అక్కడే. ఆ బుడగలు వస్తున్న బండికి మూపురం కూడా చిన్నదే వస్తుంది కాబట్టి, మూడోది పొట్టిగా కనిపించినా హెడ్ విప్పేముందు ఈ వాషర్ చూడటం మరచిపోకండి. నూరు రూపాయల పని కోసం హెడ్ దించిన షెడ్లు నాకు తెలుసు. వాటిలో ఒకటి పాతికేళ్ల క్రితం నాదే.

పాత ఇంజెక్టర్ పారేయలేదనుకుంటాను. దాన్ని టెస్టింగ్ బెంచి మీద పెట్టించండి. బాగుంటే యజమానికి ఆ మాట చెప్పి తిరిగి వేయండి, పాత కోడ్ మళ్లీ రాయండి. కొత్తదాని డబ్బు మీ జేబులోంచి పోవచ్చు. మూడు వారాలుగా రోజూ ఫోను చేస్తున్నాడంటే ఇంకా మీ మీద నమ్మకం ఉందనే, లేకపోతే బండి ఈపాటికి వేరే షెడ్డులో ఉండేది. ఫోను చేసినప్పుడు ‘చూస్తున్నాం’ అనకుండా షెడ్డుకు రమ్మని, ఆ నాలుగు మూపురాలు తెర మీద చూపించండి. పొట్టిదాన్ని ఆయనే వేలు పెట్టి చూపిస్తాడు. హెడ్ విప్పాలన్న మాట ఆ తర్వాత చెప్పండి.

మూపురాల ఫొటో, క్యామ్ గీతతో కలిపి, వచ్చే నెల ఉత్తరంతో పంపండి. ఎయిర్ ఫిల్టర్ డబ్బా అడుగున ఏం కనిపించిందో కూడా రాయండి.